కిటికీకి తడి తువ్వాలు

ముందు నాలుకకు తెలుస్తుంది. కళ్లు ఇంకా తెరవలేదు, నోట్లో మట్టి రుచి. పన్ను మీద పన్ను ఆనిస్తే కరకరమంటుంది. మన ఊళ్లో ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచినప్పుడు వాకిట్లో నిలబడితే నోట్లోకి వచ్చే రుచే ఇది. కానీ మీరు వాకిట్లో లేరు. రియాద్‌లో, బత్హా బజారు వెనక సందులో, ఓ పాత బిల్డింగు మూడో అంతస్తులో, రెండంచెల ఇనప మంచంలో కింది పడక మీద ఉన్నారు. తలుపు మూసే ఉంది. కిటికీ మూసే ఉంది. 2022 మే 17, మంగళవారం. తెల్లారుజాము మూడున్నర.

ఫోను వెలుతురు దిండు మీద వేసి చూడండి. మీ తల ఆనిన చోటు తెల్లగా ఉంది. దాని చుట్టూ లేత గోధుమరంగు పొర. మీ తల అచ్చు అక్కడే పడి ఉంది. రాత్రంతా ఈ గదిలో ఏం రాలిందో దిండు చూపిస్తోంది. మీరు పీల్చిందీ అదే.

గది పన్నెండడుగులకు పద్నాలుగు. మూడు మంచాలు, ఆరుగురు మనుషులు. జగిత్యాల వాళ్లు ఇద్దరు, సిరిసిల్ల కాకా ఒకరు, నిర్మల్ కాకా ఒకరు, రాయచోటి తమ్ముడు, మీరు. మీరొచ్చి మూడు వారాలైంది. అకామా, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు, ఇంకా చేతికి రాలేదు. నిన్న రాత్రి పడుకోబోయే ముందు జగిత్యాల పెద్దన్న తువ్వాలు తడిపి కిటికీ అంచుకు కుక్కాడు. ఇప్పుడది అప్పడంలా బిగుసుకుపోయింది. ఇక్కడి గాలికి తడి నిలవదు. తువ్వాలు మీద కిటికీ సందు ఎంత పొడవుందో అంత పొడవునా గోధుమరంగు చార.

"లెవ్వు తమ్మీ. ఇయ్యాల బయట మొత్తం దుబ్బనే ఉన్నది. మూతికి గుడ్డ కట్టుకో" అంటాడు ఆయన, లుంగీ సర్దుకుంటూ.

వరండా చివర మూడు గదులకూ కలిపి ఒకటే వంటగది. పెద్ద గ్యాసు పొయ్యి, పక్కన సిలిండరు, పైన గోడకు గుండ్రటి కంత. ఆ కంతలో ఎగ్జాస్ట్ ఫ్యాను ఉండాలి. ఉంది కూడా. కానీ మార్చిలో దుమ్ము గాలులు మొదలయ్యాక దాని మీదుగా ఎవరో అట్టముక్క పెట్టి టేపు వేశారు. దుమ్ము రాకుండా. రాయచోటి తమ్ముడు పప్పులోకి పోపు పెడుతున్నాడు. నూనె కాగి పొగ లేస్తోంది, ఎండుమిరపకాయలు నల్లబడుతున్నాయి. ఒక్క క్షణం. ఆ తర్వాత మూడు గదుల్లోనూ ఒకేసారి దగ్గు. పై పడకల మీంచి తిట్లు, నవ్వులు.

దిష్టి తీసిన మిరపకాయలు నిప్పుల్లో వేసి, ఘాటు వచ్చిందా లేదా అని చూసే ఇళ్లలో పెరిగిన వాళ్లం మనం. గాలిలో ఏదైనా కలిస్తే ఒంటికి ఎలా తెలుస్తుందో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. అయితే మిరప ఘాటు నిజాయితీ గలది. దగ్గు తెప్పిస్తుంది, కళ్లు మండిస్తుంది, పది నిమిషాల్లో పోతుంది. దాని వెనక మిగిలేవి చడీచప్పుడూ లేనివి. మాడిన నూనె పొగలో కంటికి కనపడనంత సన్నటి నుసి ఉంటుంది. గ్యాసు నీలి మంటలోంచి నైట్రోజన్ డయాక్సైడ్ పుడుతుంది. ఆ వాయువు శ్వాసనాళాల లోపలి పొరను రేపుతుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం తెస్తుంది. కంతకు టేపు వేసి ఉంటే అది బయటికి పోయే దారి ఏది? వరండా. వరండాలోంచి గదులు.

"తమ్ముడూ, ఆ టేపు తీస్తే పొగ పోతుంది గదా?" అని అడుగుతారు మీరు.

"తీస్తే దుమ్మొస్తాదన్నా. ఏదో ఒకటి మింగాల్సిందే" అంటాడు, గరిట తిప్పుతూనే.

ఈ రోజంతా మీ వెంట వచ్చేది ఆ జవాబే.

బయటికి వస్తే చీకటి పోయింది గానీ వెలుతురు రాలేదు. ఆకాశం లేదు. పైనా, పక్కనా, వీధి చివరా ఒకటే రంగు, పసుపు కలిపిన బురదనీళ్ల రంగు. వీధి దీపాలు ఇంకా వెలుగుతున్నాయి. బకాలా కొట్టు ముందు కుబ్బూస్ రొట్టెల పొట్లాల ట్రేలకు ప్లాస్టిక్ పట్టా కప్పారు. తూర్పున సూర్యుడు లేచాడు. కళ్లు చికిలించకుండా నేరుగా చూడొచ్చు, పున్నమి చంద్రుడిలా తెల్లగా, చల్లగా ఉన్నాడు. మే నెల రియాద్‌లో సూర్యుణ్ణి అలా చూడగలగడం ఎంత విడ్డూరమో ఇక్కడ ఒక వారం ఉన్నవాళ్లకైనా తెలుస్తుంది.

కంపెనీ బస్సు కింగ్ ఫహద్ రోడ్డు ఎక్కింది. రోడ్డు మీది ఎలక్ట్రానిక్ బోర్డులు దుమ్ము వల్ల చూపు ఆనదు, వేగం తగ్గించమని చెబుతున్నాయి. ముందు కార్ల వెనక దీపాలు ఎర్రగా కనిపించి మాయమవుతున్నాయి. సీటు మీద వేలితో గీత గీయండి. వేలికి అంటింది చూడండి. ఇసుక కాదు. ఇసుకైతే వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతుంది. ఇది పౌడరులా, ముగ్గుపిండిలా మెత్తగా ఉంది.

ఎడారి అనగానే ఇసుక గాలి అనుకుంటాం. ఇసుక రేణువు బరువైనది. గాలి వేగానికి నేల మీద గెంతుతుంది, చాలావరకు మోకాలెత్తు దాటదు, మళ్లీ పడుతుంది. పడ్డచోట ఎండిన మట్టిని, పాత చెరువు అడుగుల ఒండ్రును గుద్దుతుంది. ఆ దెబ్బకు మట్టిలోంచి లేచేదే ఈ పిండి. లేచిందంటే కిలోమీటర్ల ఎత్తుకు పోతుంది, దేశాలు దాటుతుంది. ఈ పొద్దు మీ వేలి మీద ఉన్నది ఎక్కడిది? వాయవ్యం నుంచి వీచే ఈ గాలిని అరబ్బులు షమాల్ అంటారు, అంటే ఉత్తరం. యూఫ్రటీస్, టైగ్రిస్ నదుల మైదానాల మీదుగా దిగి వస్తుంది. ఆ మైదానాలు ఏళ్ల తరబడి కరువుతో, పైన కట్టిన ఆనకట్టలతో, ఎండిన చిత్తడి నేలలతో బీడుపడుతున్నాయి. నిన్న, మే 16న, ఇరాక్‌లో వేలాది మంది ఊపిరాడక ఆసుపత్రులకు పరిగెత్తారు, బాగ్దాద్ విమానాశ్రయం మూతపడింది. అక్కడి నుంచి ఇక్కడికి దాదాపు వెయ్యి కిలోమీటర్లు. నిన్న అక్కడి దగ్గు ఈ రోజు ఇక్కడికి వచ్చింది.

మన వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు. 10 మైక్రాన్లకు లోపలి ధూళిని పీఎం 10 అంటారు. ముక్కు వెంట్రుకలు, చీమిడి, గొంతులోని తడి ఇందులో చాలావరకు పట్టుకుంటాయి. రేపు పొద్దున ముక్కు చీదితే గోధుమరంగులో వచ్చేది అదే. 2.5 మైక్రాన్లకు లోపలిది వేరే కథ. అది శ్వాసనాళాల చివరి కొమ్మల దాకా, గాలి తిత్తుల దాకా పోతుంది. అక్కడ మిగిలిపోతుంది. అందులో మరీ సన్నటివి నెత్తురులోకి దూరతాయి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితులు సవరించింది. ఒక రోజు సగటున ఘనపు మీటరు గాలిలో పీఎం 10 అయితే 45 మైక్రోగ్రాములు, పీఎం 2.5 అయితే 15. ఇలాంటి దుమ్ము తుఫాను రోజున పీఎం 10 వేలల్లోకి పోతుంది.

బస్సు ఒలయా దాటుతోంది. కుడివైపు కింగ్‌డమ్ సెంటర్ ఉండాలి. 300 మీటర్ల పైచిలుకు ఎత్తు, పైన సూది కన్నంలాంటి కంత, రియాద్ అంటే టీవీలో చూపించే బిల్డింగు అదే. కొన్ని వందల మీటర్ల దూరంలో ఉన్నా ఇప్పుడది లేదు. అంత బిల్డింగును ముగ్గుపిండి మింగేసింది.

సైటు. గాలికి పరంజా రెపరెపలాడే వలలతో ఊగుతోంది, పైకి ఎవరినీ ఎక్కనివ్వలేదు. కింద అంతస్తులో పని ఉంది. టైల్స్ కోత. నాలుగు గోడల మధ్య, ఒకే ఒక్క ఫోకస్ లైటు. రాయచోటి తమ్ముడు అరబ్బుల తలగుడ్డ షెమాగ్‌ను ముక్కు మీదుగా రెండు చుట్లు చుట్టి, గ్రైండరు ఆన్ చేశాడు. చక్రం టైలుకు తగలగానే తెల్లటి మబ్బు. లైటు ముందు ఆ మబ్బు పొగలా సుడులు తిరుగుతోంది. కోత ఆగినా మబ్బు ఆగలేదు. పది నిమిషాల తర్వాత కూడా లైటు వెలుగులో రేణువులు మెల్లగా, ఏ తొందరా లేకుండా తేలుతూ ఉన్నాయి.

అక్కడ ఒక్క నిమిషం ఆగండి. బయట ఉన్న దుమ్ము ఊరంతటికీ ఉంది. అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు, ఫోటోలు తీస్తున్నారు. ఈ గదిలో లేచిన దుమ్ము ఫోటోలకు ఎక్కదు. కానీ తమ్ముడి ఊపిరితిత్తుల లెక్కలో ఇది తుఫాను కంటే పెద్దది. తుఫాను ఏడాదిలో కొన్ని రోజులు. ఈ మబ్బు రోజూ. సిరామిక్, కాంక్రీటు, గ్రానైటు కోసినప్పుడు లేచే నుసిలో స్ఫటిక సిలికా ఉంటుంది. అది గాలి తిత్తుల్లోకి పోతే, కాపలా కాసే కణాలు దాన్ని మింగి, అరిగించుకోలేక, అవే చచ్చిపోతాయి. చచ్చిన చోట మచ్చ పడుతుంది. మచ్చ మీద మచ్చ పడి మెత్తటి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. సిలికోసిస్. మన దగ్గర పలుగురాళ్లు పొడి చేసే మిల్లుల్లో పనిచేసిన కుటుంబాలకు ఈ జబ్బు తెలుసు. పని మానేసినా జబ్బు ఆగకుండా ముదరగలదు. పోయిన ఊపిరితిత్తిని తిరిగి తెచ్చే మందు లేదు.

దీనికి విరుగుడు ఆకాశంలో లేదు. కోత మీద నీళ్లు పడుతుండాలి, అంతే. సన్నటి గొట్టంతో నీళ్లు వదిలితే తెల్ల మబ్బు తెల్ల బురదై కింద పడుతుంది. షెమాగ్ గుడ్డ ఇసుకను ఆపుతుంది, ఈ నుసిని ఆపదు. సరిగ్గా మొహానికి బిగిసిన ఎన్95 మాస్కు ఆపుతుంది, 0.3 మైక్రాన్ల రేణువుల్లో నూటికి 95 పట్టుకుంటుంది. గడ్డం అడ్డొచ్చి పక్కన సందు మిగిలితే అదీ గుడ్డే. వీటి ఖరీదు ఎంత? ఒక్క టైలు పెట్టె కంటే తక్కువ. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. అది ఎంతమంది ప్రాణాలు కాపాడిందో ఎండలో నిలబడ్డవాళ్లకు తెలుసు. ఎండకు గడియారం పెట్టగలిగినప్పుడు దుమ్ముకు మీటరు పెట్టడం కష్టమేమీ కాదు, పెట్టాలి అని గట్టిగా అంటాను.

పదకొండు దాటాక సిరిసిల్ల కాకా మెట్ల మీద కూర్చుండిపోయాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి. మాట రావడం లేదు. దగ్గరికి వెళ్తే ముందు చప్పుడు వినిపిస్తుంది. ఊపిరి వదులుతుంటే సన్నగా పిల్లికూతలు. మెడ దగ్గర గుంట ప్రతి శ్వాసకూ లోపలికి పోతోంది, పక్కటెముకల మధ్య చర్మం గుంజుకుంటోంది. జేబులోంచి ఇన్‌హేలరు తీసి ఊపి చూశాడు. ఖాళీ.

"ఏం గాదు... జరసేపు కూసుంట" అన్నాడు. ఆ నాలుగు మాటలకు రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు.

అలా వదిలేయడానికి వీల్లేదు. సూపర్‌వైజరు కారు పిలిచాడు. మీరు కాకాతో పాటు వెనక సీట్లో.

ఎమర్జెన్సీ వార్డులో ఎంతమంది ఉన్నారో చూడండి. తోబు వేసుకున్న సౌదీ ముసలాయన, కూతురి భుజం మీద వాలి. మొహం ఎర్రబడిన చంటిపాప, నల్ల అబాయా చాటున. సూడాన్ డ్రైవర్లు, పాకిస్తాన్ తాపీ మేస్త్రీలు, నేపాలీ గార్డు. అందరి చేతుల్లో గుడ్డలు, అందరి కళ్లూ ఎర్రగా. దుమ్ము ఇక్కడికి వచ్చేటప్పుడు పాస్‌పోర్టు చూడలేదు. ఆ రోజుల్లో ఒక్క ఇరవై నాలుగు గంటల్లో ఊపిరి ఇబ్బందితో రియాద్ ఆసుపత్రుల ఎమర్జెన్సీలకు 1,285 మంది వచ్చారని సౌదీ ప్రభుత్వ టీవీ చెప్పింది. వాళ్లలో మీ పక్కన కూర్చున్న కాకా ఒక అంకె.

మలయాళీ నర్సమ్మ వచ్చి హిందీలో రెండు ముక్కలు అడిగి, కాకా మొహానికి ప్లాస్టిక్ మాస్కు తొడిగి, నెబ్యులైజరు ఆన్ చేసింది. మందు ఆవిరై తెల్లగా లోపలికి పోతోంది. బిగుసుకున్న శ్వాసనాళాల కండరాలను సాల్బ్యుటమాల్ వదులు చేస్తుంది. పావుగంటకు పిల్లికూతలు తగ్గాయి. మెడ గుంట మామూలైంది. "మాస్కు ఉంచండి, తీయొద్దు" అని ఆమె చేత్తో సైగ చేసి పక్క మంచానికి పోయింది. అక్కడ మరో మాస్కు, మరో ఆవిరి.

డాక్టరు అడిగాడు, ఎప్పటి నుంచి అని. కాకా ఇరవై ఏళ్లు సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో పనిచేశాడు. మగ్గాల మోతలో, దూది నూగు మంచులా రాలే చోట. ఆదివారం సెలవుకు తేలికపడి, సోమవారం పనిలోకి దిగగానే ఛాతీ పట్టేసేదట. పత్తి నూగు వల్ల వచ్చే జబ్బు గుర్తు సరిగ్గా అదే, వైద్య పుస్తకాల్లో సోమవారం పేరుతోనే ఉంది. అప్పులు తీర్చడానికి ఆ గాలి వదిలి ఈ గాలిలోకి వచ్చాడు. రియాద్ దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో కొత్త పుస్తకం మొదలుపెట్టలేదు, సిరిసిల్లలో ఆగిన పేజీ తిరగేసింది. ఒక మనిషి జీవితంలో పీల్చిన గాలులన్నీ ఒకే ఖాతాలో పడతాయి.

దగ్గు, ఆయాసం కంటికి కనిపించేవి. కనిపించని పని గుండెలో జరుగుతుంది. సన్నటి ధూళి లోపలికి పోయాక ఒళ్లు వాపుతో జవాబిస్తుంది, నెత్తురు గడ్డకట్టే గుణం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుస్తాయి. అందుకే దుమ్ము రోజుల్లో, ఆ తర్వాత కొన్ని రోజుల దాకా గుండెపోట్లు, పక్షవాతాలు పెరుగుతాయి. బయటి గాలి, ఇంటి గాలి కలిసి ఏటా దాదాపు 70 లక్షల మందిని ముందే తీసుకుపోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. గల్ఫ్‌లో నిద్రలోనే పోయాడన్న కబురు మన పల్లెలకు ఎన్నిసార్లు వస్తుందో! ఒక్కో చావుకు కారణం ఒక్కోటి ఉంటుంది, అన్నీ గాలి మీదకు తోసేయలేం. కానీ ఎండ, చెమట, షుగరు, బీపీ, సిగరెట్టు అని లెక్కపెట్టే వేళ్లలో ఒక వేలు గాలికీ మడవాలి.

ఈ ఊరికి దుమ్ము కొత్త కాదు. 2009 మార్చి 10న గోడలా లేచి వచ్చిన తుఫాను రియాద్‌ను పట్టపగలు చీకటి చేసింది, విమానాలు ఆగిపోయాయి. నిర్మల్ కాకా అప్పటికే ఇక్కడున్నాడు, బస్సులోనే మూడు గంటలు కూర్చున్నామని ఇప్పటికీ చెబుతాడు. అంతకు ముందు 1991లో వేరే రకం గాలి వచ్చింది. గల్ఫ్ యుద్ధంలో కువైట్‌లో 600కు పైగా చమురు బావులు అంటించారు. ఆఖరి బావి ఆరింది ఆ నవంబరులో. ఆ నెలలన్నీ నల్లటి పొగ సౌదీ తూర్పు తీరం దాకా పాకింది. అదే యుద్ధంలో రియాద్ శివార్లలో ఎస్కాన్ విలేజ్ అనే చోట దిగిన అమెరికా సైనికులకు జ్వరం, దగ్గు పట్టుకుని వదల్లేదు. ఆ సన్నటి మట్టే కారణమని 1992లో వైద్యులు రాశారు, జబ్బుకు అల్ ఎస్కాన్ అని పేరు కూడా పెట్టారు. బలమైన కుర్రాళ్లకే అలా అయితే యాభై దాటిన కాకాకు ఎలా ఉంటుంది?

సాయంత్రం గదికి చేరారు. కాకా చేతిలో కొత్త ఇన్‌హేలరు. రాయచోటి తమ్ముడి ఫోను మోగింది. ఐఎంఓ వీడియో కాల్‌లో వాళ్లక్క. రియాద్‌లోనే, ఉత్తరం వైపు ఓ విల్లాలో ఇంటిపని.

"యాడుండావు నాయనా? తిన్యావా? ఆ దుమ్ములో పనికి పోయినావా?"

"పొయినాలేక్కా. నువ్వు ఇంట్లోనే గదా, నీకేం."

"ఇంట్లో యాడ నాయనా... పొద్దన్నించి తుడిసిందే తుడుస్తాండా."

ఫోనును గోడకు ఆనించి పెట్టింది. మీరూ చూడొచ్చు. పాలరాయి నేల, దీపాల గుత్తి, మందపాటి తెరలు. కిటికీలు రబ్బరు అంచులతో బిగించారు, అయినా అంచుల దగ్గర గోధుమరంగు. బయటి కంటే వందరెట్లు మంచి గాలి అనిపిస్తుంది. కానీ ఆమె మాట వినండి. పొడి చీపురుతో ఊడిస్తే నేల మీది దుమ్ము మళ్లీ లేచి ముక్కులోకే వస్తోందని మధ్యాహ్నానికి తనే కనిపెట్టి, తడి గుడ్డకు మారిందట. బాత్‌రూముల్లో మరకలు పోలేదని బ్లీచింగ్ నీళ్లలో టాయిలెట్ కడిగే యాసిడ్ కలిపిందట. గుప్పున లేచిన వాసనకు కళ్లు బైర్లు కమ్మి బయటికి పరిగెత్తిందట. అది క్లోరిన్. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన వాయువే. ఆ రెండు సీసాలూ ఒకే అలమరాలో పక్కపక్కనే ఉంటాయి, వేటిని కలపకూడదో వాటి మీద అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంటుంది. అక్కకు తెలుగే వచ్చు.

"ఇంక రెండూ కలపగాకు అక్కా. తలుపు తీసి పెట్టుకో" అన్నాడు తమ్ముడు. గొంతు మారింది.

ఆమె వెనక, అతిథుల గది మజ్లిస్‌లో ఎవరో మబ్ఖరా పట్టుకుని తిరుగుతున్నారు. బొగ్గు నిప్పు మీద ఊద్ చెక్క వేసిన ధూపపు కుంపటి. చుట్టాలు వస్తున్నారట. నీలిపొగ మెలికలు తిరుగుతూ తెరల్లోకి, తోబుల మడతల్లోకి ఇంకుతోంది. ఈ బుఖూర్ ధూపం వాసన ఎంత కమ్మనిదో! మనం సాంబ్రాణి వేసి పసిబిడ్డ తల ఆరబెట్టినట్టే, వాళ్లకిది ఇంటి మర్యాద. దాన్ని తప్పు పట్టలేను. కానీ సాంబ్రాణికైనా బుఖూర్‌కైనా ఒకటే సంగతి. కాలే బొగ్గు, కాలే చెక్క సన్నటి నుసినీ కార్బన్ మోనాక్సైడ్‌నూ ఫార్మాల్డిహైడ్‌నూ వదులుతాయి. కిటికీలు తెరిచిన పూరింట్లో అది పైకి పోయేది. దుమ్ముకు జడిసి బిగించిన విల్లాలో ఏసీ దాన్నే తిప్పి తిప్పి అందరికీ పంచుతుంది.

"బొగ్గులంటే యాదికొచ్చింది" అంటాడు నిర్మల్ కాకా, పై పడక మీంచి. రియాద్‌కు రాకముందు ఆయన రెండేళ్లు హాయిల్ వైపు ఎడారిలో గొర్రెలు కాశాడు. డిసెంబరులో అక్కడి చలి ఎముకలు కొరుకుతుంది. గుడారంలోకి నిప్పుల బకెట్ తెచ్చుకుని తలుపు గుడ్డ కట్టేసుకోవాలనిపిస్తుంది. మొదటి చలికాలమే యజమాని ఖఫీల్ వచ్చి, గుడారం గుడ్డ రెండు వైపులా ఎత్తి చూపించి, నిప్పులు బయటే ఆరిపోవాలి అని చేతులతో సైగలు చేసి మరీ చెప్పాడట. "గాయన జెప్పకుంటె నేను ఇంత దూరం అచ్చేటోన్నే గాదు." కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నెత్తురులోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, మగత, నిద్ర. ఆ నిద్రలోంచి లేవరు. ప్రతి చలికాలం సౌదీ సివిల్ డిఫెన్స్ ఈ హెచ్చరిక చేస్తూనే ఉంటుంది, ప్రతి చలికాలం ఎక్కడో ఒక గుడారం నిద్రలేవదు.

దీపం తీసేశారు. తడి తువ్వాలు మళ్లీ కిటికీ అంచుకు చేరింది. ఏసీ గుర్రుమంటోంది. ఇది చల్లబరిచే గాలి ఎక్కడిది అనుకుంటున్నారు? గదిలోదే. విండో ఏసీ గది గాలినే పీల్చి, చల్లార్చి, మళ్లీ గదిలోకే వదులుతుంది. బయటికి తోసేది వేడిని మాత్రమే. బయటి గాలి కాస్త లోపలికి రావడానికి దానికో చిన్న మీట ఉంటుంది, అది ఎప్పుడూ మూసే ఉంటుంది. ఈ గదిలో పట్టే గాలి దాదాపు 43 వేల లీటర్లు. నిద్రలో ఒక మనిషి గంటకు పది, పన్నెండు లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఆరుగురికి లెక్క కట్టండి. గాలి అసలు మారకపోతే పది లక్షల పాళ్లలో దాని వాటా గంటకు వెయ్యికి పైగా పెరుగుతుంది. బయట అది 420 దగ్గర ఉంటుంది. సందుల్లోంచి కొంత పోతుంది కాబట్టి లెక్కకు తగినంత చేరదు, అయినా పొద్దున లేవగానే మీకు ఉండే తలబరువు ఎడారి వేడిది కాదు. ఒకరు వదిలిన ఊపిరి మరొకరు పీలుస్తున్నారనడానికి అది గుర్తు. అందులో ఒకరికి క్షయ ఉంటే, ఫ్లూ ఉంటే? వీసాకు ముందు ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. గదికి మాత్రం ఏ ఎక్స్‌రే లేదు.

ఈ చల్లదనం ఊరికే కూడా రాదు. ఎండాకాలం కరెంటు కోసం సౌదీలో ముడి చమురును కూడా మండిస్తారు. గదిలో ఏసీ తిరగడానికి ఊరి బయట పొగగొట్టం పొగ కక్కుతుంది. ఆ పొగ మళ్లీ ఈ కిటికీ దగ్గరికే వస్తుంది.

ప్రభుత్వం చూస్తూ ఊరుకుందని కాదు. 2019లో మొదలైన గ్రీన్ రియాద్ కింద 75 లక్షల చెట్లు నాటుతామన్నారు, 2021లో దేశమంతటికీ వెయ్యి కోట్ల చెట్ల లక్ష్యం ప్రకటించారు. దుమ్ము తుఫానులను ముందే పసిగట్టే ప్రాంతీయ కేంద్రం జెద్దాలో ఉంది. చెట్టు పెరగాలి, నీడ ఇవ్వాలి, మట్టిని పట్టాలి. దానికి ఏళ్లు కావాలి. ఈ గదికి కావాల్సింది ఈ రాత్రికి.

మూడింటికి మెలకువ వచ్చింది. ఏదో తేడా. గాలి హోరు లేదు. కిటికీ దగ్గరికి వెళ్లి తువ్వాలు లాగి, రెక్క తీశారు. చల్లగాలి మొహానికి తగిలింది. దూరంగా మినార్ పచ్చ దీపం స్పష్టంగా కనిపిస్తోంది. దాని పైన ఒక చుక్క. జగిత్యాల పెద్దన్న కూడా లేచి కూర్చున్నాడు. మాట్లాడకుండా స్టూలు ఎక్కి ఏసీ ముందు జాలీ ఊడదీసి, లోపలి ఫిల్టరును రెండు వేళ్లతో బయటికి లాగాడు. వలలా ఉండాల్సింది కంబళిలా ఉంది. మెత్తటి, గోధుమరంగు, వేలు పెడితే గుంట పడే కంబళి.

బాత్‌రూములో కొళాయి కింద పెట్టారు. నీళ్లు మొదట ఎర్రగా, తర్వాత టీ రంగులో, తర్వాత పాల రంగులో. మీరు పట్టుకున్నారు, ఆయన బ్రష్షుతో రుద్దుతున్నాడు. నేల మీద ఇరాక్ మట్టి, నిన్నటి టైళ్ల నుసి, ఆరుగురి వెంట్రుకలు కలిసి సన్నటి పాయగా కంతలోకి పోతున్నాయి. రెండోసారి కడిగాక వల కళ్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. వెలుతురుకు ఎత్తి చూస్తే అవతల ఆయన మొహం కనిపిస్తోంది.

"పదిహేను రోజులకోసారి కడుగుదం తమ్మీ. గిన్నొద్దులు మనకు తెల్వలే."

వంటగదిలో దీపం వెలిగింది. రాయచోటి తమ్ముడు స్టూలు మీద నిలబడి కంత మీది టేపును గోటితో గీకుతున్నాడు. ఒక కొస దొరికింది. లాగితే అట్టముక్కతో సహా ఊడి, రెండు నెలల దుమ్ము నెత్తిన పడింది. తుమ్మాడు, తల దులుపుకున్నాడు, స్విచ్ వేశాడు. ఫ్యాను ముందు కిరకిరలాడింది, కదల్లేదు. వేలితో ఒక రెక్కను తోస్తే మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. పొయ్యి వెలిగించి, నూనె పోసి, మిరపకాయలు తుంచి వేశాడు. పొగ లేచి, ఎప్పటిలా వరండా వైపు ఒక అడుగు వేసి, అక్కడ ఆగి, వెనక్కి వంగి కంతలోకి పోతోంది. లోపలి గదిలో సిరిసిల్ల కాకా పక్కకు తిరిగి పడుకున్నాడు.